పదకొండు ఎపిసోడ్ల తర్వాత చెప్పిన సాక్ష్యం

సిగ్గుపడటం నాకు పెద్దగా అలవాటు లేదు. గవరపాలెంలో ఇరవై ఏళ్లుగా జాకెట్లు కుడుతున్నాను. చంక దగ్గర బిగుతుగా కుట్టేసి కూడా, "నువ్వే ఒళ్లు సేసేవు రాజశ్రీ, నా కొలత తప్పదు" అని దబాయించి పంపించిన నోరు నాది. అలాంటి నన్ను, ఈ సువార్తను, ఒక జపాన్ బొమ్మల సిరీస్ తలెత్తుకోకుండా చేసింది. ఆ మాట కూడా అబద్ధమే. చేసింది సిరీస్ కాదు, నా నోరే.

ఈస్టరుకు ముందు నలభై రోజుల్ని మేము శ్రమదినాలంటాం. ఆ రోజుల్లో ఎవరికి తోచింది వాళ్లు మానేస్తారు. కొందరు మాంసం, కొందరు టీవీ సీరియళ్లు. మొన్న శ్రమదినాల్లో మా ఇంట్లో ప్రార్థన కూడిక పెట్టుకున్నాం. ప్రార్థన అయ్యాక పాస్టరమ్మ గారు చేతులు కడుక్కోవడానికని పెరట్లోకి వెళ్తూ మా అమ్మాయి సిరి గదిలోకి తొంగిచూశారు. సిరి డిగ్రీ రెండో ఏడు. దాని మంచం పైన గోడకి నిలువెత్తు బొమ్మ అంటించి ఉంది. ఇనప ఒళ్లు, ఎర్రటి కళ్లు, నెత్తి మీద రెండు కొమ్ములు.

"ఇదేటమ్మా సువార్తా, పిల్ల నెత్తి మీద ఈ కొమ్ములోణ్ణి ఎట్టుకున్నారు?" అన్నారావిడ.

వెనకాల తొమ్మిది మంది ఆడవాళ్లు నిలబడి ఉన్నారు. నా మొహం మాడిపోయింది. సిరి మాత్రం ఎవరో అడగడమే పదివేలన్నట్టు ముందుకొచ్చింది.

"అది రోబో ఆంటీ. హగారో అని, జపాన్ వాళ్ల పాత సిరీస్. నలభై ఏళ్లుగా తీస్తానే ఉన్నారు. దేని తర్వాత ఏది చూడాలో ఎవరికీ తెలీదు. అదంతా నేను తెలుగులో రాసి ఆన్‌లైన్‌లో పేజీ పెట్టేను. తొమ్మిది వేలమంది చదువుతున్నారు."

అక్కడితో ఊరుకుని ఉంటే బాగుండేది. కానీ తొమ్మిది మంది ముందు నా పెంపకం మాటేమిటి?

"ఈ నలభై రోజులకి ఏటి మానేత్తావని అడిగేను కదా, ఇదే మానెయ్. ఆ పేజీ తీసెయ్. ఇప్పుడే, మా ముందే" అన్నాను.

సిరి నన్నే చూసింది. "మానేత్తానమ్మా. చూడను. పేజీ మాత్రం తీసెయ్యమనకు, మూడేళ్లు రాసేను" అంది, నాకొక్కదానికే వినపడేట్టు.

"తీసెయ్" అన్నాను, అందరికీ వినపడేట్టు.

ఫోను మీద మూడుసార్లు నొక్కింది. తెర నా వైపు తిప్పి చూపించింది. వెనకాల ఆడవాళ్లు స్తోత్రం అన్నారు. గోడ మీది బొమ్మను తనే ఊడదీసి చుట్టచుట్టి మంచం కింద పెట్టింది. ఆ రోజు నుంచి నాతో మాటలంటే ఆ, ఊ, అంతే.

పాస్టరమ్మ గారు వెళ్తూ వెళ్తూ, "వచ్చే ఆదివారం ఈ సంగతి సాక్ష్యం సెప్పు సువార్తా. మిగతా తల్లులకి ధైర్యం వత్తాది" అన్నారు. మా చర్చిలో ప్రసంగానికి ముందు దేవుడు తమకు చేసిన మేలు లేచి చెప్పుకుంటారు, దాన్నే సాక్ష్యం అంటాం. నేను చెబితే కునికేవాళ్లు కూడా లేచి కూర్చుంటారని నాకో పేరుంది. ఆ పేరు నిలబెట్టుకోవాలంటే సరుకు కావాలి కదా. మూడో రోజు సిరి కాలేజీకి వెళ్లాక దాని పాత ట్యాబ్ తీసి, ఆ దెయ్యం ఎలా ఉంటుందో చూద్దామని మొదటి ఎపిసోడ్ పెట్టాను. కింద ఇంగ్లీషు అక్షరాలు పరిగెడుతుంటే ఆపి ఆపి చదివాను. అది అయిపోగానే రెండోది దానంతట అదే మొదలైంది. నేను ఆపలేదు.

సోటా అని పదిహేనేళ్ల కుర్రాడు. హగారోను తయారుచేసింది వాళ్లమ్మే, పెద్ద ఇంజినీరు. శత్రువులు ఊరి మీద పడేసరికి, సైన్యం అంతా చూస్తుండగా, కన్నకొడుకునే అందులో ఎక్కించి తలుపు వేసేస్తుంది. నేను పూర్తిగా తల్లి పక్షం. తల్లి చెప్పకపోతే ఇంకెవరు చెబుతారు అనుకుంటూ జాకెట్లకి హుక్కులు కుట్టుకునేదాన్ని. మూడో ఎపిసోడ్‌లో తెలిసింది, అవి కొమ్ములు కావని. యాంటెన్నాలు. లోపలున్న కుర్రాడికి వాళ్లమ్మ మాట వినపడాలని పెట్టినవి. కళ్లు ఎర్రబడేది కూడా ఛార్జింగ్ తగ్గినప్పుడేనని ఐదో ఎపిసోడ్‌లో చెప్పేశారు. తొమ్మిదో దాంట్లో ఆ కుర్రాడు, "ఎక్కుతావా అని నువ్వు నన్ను అడగనే లేదమ్మా" అన్నాడు. ట్యాబ్ ఆపేసి చాలాసేపు మిషను ముందు ఊరికే కూర్చున్నాను. కూర్చుని, మళ్లీ పదోది పెట్టుకున్నాను.

శనివారానికి పదకొండు అయ్యాయి. ఆదివారం లేచి సాక్ష్యం చెప్పాను.

బాగానే చెప్పాను. అదే నా ఏడుపు. "కొమ్ముల దెయ్యం నా బిడ్డ మంచం మీద మూడేళ్లు కాపరం చేసింది" అన్నాను. "దాని కళ్లు నిప్పుకణికల్లా మండుతుంటాయి" అన్నాను. యాంటెన్నాలని తెలిసీ అన్నాను, ఛార్జింగ్ అని తెలిసీ అన్నాను. ఎదుటివాళ్ల కంట్లో నలుసు, మన కంట్లో దూలం అని ఒకప్పుడు సండే స్కూల్లో పిల్లలకి బొమ్మ గీసి మరీ చెప్పినదాన్ని. మూడో వరసలో సిరి తల వంచుకుని పాటల పుస్తకం అంచుని గోటితో గీకుతోంది. పాస్టరమ్మ గారు దాన్ని ముందుకు పిలిపించారు. నలుగురు దాని నెత్తి మీద చేతులు వేసి ప్రార్థించారు. అందరూ కళ్లు మూసుకున్నారు. సిరి మాత్రం కళ్లు తెరిచే ఉంచింది. నేను కూడా తెరిచి ఉంచాను కాబట్టే నాకు తెలుసు.

ఆ మధ్యాహ్నం పన్నెండోది చూశాను. ఇది కూడా చెప్పకపోతే మళ్లీ అబద్ధం చెప్పినట్టే.

అప్పట్నుంచి తేలు కుట్టిన దొంగ బతుకు నాది. ఎవరైనా గేటు తీస్తే చాలు, ట్యాబ్ మీద లైనింగు గుడ్డ కప్పేసేదాన్ని. ఒకసారి గుడ్డ కింద నుంచి యుద్ధం చప్పుళ్లు వస్తుంటే, మిషను పాడైందని చెప్పాను. ఈస్టరు వారం వచ్చేసరికి నలభై మూడు ఎపిసోడ్లూ అయిపోయాయి. ఆఖరి దాంట్లో ఆ తల్లి మంటల్లోంచి ఎక్కి వెళ్లి తలుపు తీసి, "దిగు బాబూ, తప్పు నాది" అంటుంది. అందరూ వింటున్న మైకులో అంటుంది. నేను ఎవరిదో పట్టు జాకెట్ ముక్కతో కళ్లు తుడుచుకున్నాను.

ఇక తర్వాత ఏది చూడాలో తెలియలేదు. రెండోది అని ఒకటుంది, మూడోది అని ఇంకోటి, కొత్త హగారో, హగారో సున్నా, మధ్యలో సినిమాలు. మొత్తం ఇరవై పైన. తెలుగులో వెతికాను. ఒకచోట ఎవరో కుర్రాడు నా ప్రశ్నే అడిగాడు. కింద జవాబులు: "ఒక అక్క పేజీ ఉండేది. చూసే వరుస మొత్తం తెలుగులో ఎంత బాగా రాసిందో. ఇప్పుడు లేదు." "ఎవరి దగ్గరైనా స్క్రీన్‌షాట్లు ఉన్నాయా?" "నాక్కూడా కావాలి." "నాక్కూడా." అలా కిందకి జరుపుకుంటూ పోతే ఎంతకీ తరగడం లేదు. అన్నిటికన్నా కింద ఒక అమ్మాయి రాసింది: "ఆ అక్కకి ఏమైందో. బాగానే ఉందా? ఎవరికైనా తెలుసా?"

ఎవరికి తెలుసు? నాకే తెలుసు. ఒళ్లంతా కారం రాసుకున్నట్టయింది.

మర్నాడు సిరి కాలేజీ నుంచి వచ్చి అన్నం తింటుంటే దగ్గర కూర్చున్నాను.

"సిరీ, హగారో అయిపోయింది. తరవాత ఏది సూడాలే?"

ముద్ద చేతిలోనే ఆగిపోయింది. "ఎవరు చూసేరు?"

"నేనే."

"మొత్తమా?"

"నలభై మూడూ."

దాని మొహం వెలిగింది. అబద్ధం కాదు, నెల రోజుల తర్వాత మొదటిసారి వెలిగింది. "చివర్న వాళ్లమ్మ ఎక్కినప్పుడు ఏడ్చేవా?" అని అడిగింది కూడా. అంతలోనే ఏదో లెక్క తట్టినట్టు ఆగింది.

"ఎప్పుడు మొదలెట్టేవు?"

"కూడికైన మూడో రోజు."

"అంటే సాక్ష్యం చెప్పినప్పటికి?"

అబద్ధం నాలిక మీదికి వచ్చేసింది. మింగేశాను. "పదకొండు అయ్యేయి."

"యాంటెన్నాలని తెలుసన్నమాట."

"తెలుసు."

సగం అన్నంలోనే లేచి చెయ్యి కడిగేసుకుంది.

"తప్పయిపోయిందే తల్లీ" అన్నాను, దాని వెనకాలే పెరట్లోకి వెళ్లి.

"ఇంట్లో చెప్తే ఏటి లాభమమ్మా? చెప్పింది చర్చిలో కదా."

అప్పుడైనా నోరు మూసుకోవాలా? మూసుకోలేదు. "మరి ఏది సూడాలో..." అన్నాను.

"పేజీలో రాసేను. వరసగా" అని లోపలికి వెళ్లిపోయింది.

ఆ వారమంతా ఒక్క వాక్యం కుట్టుకున్నాను, విప్పుకున్నాను, మళ్లీ కుట్టుకున్నాను. "నా బిడ్డ మీద నేను అబద్ధ సాక్ష్యం చెప్పాను, అది దెయ్యం కాదు, నేనూ చూశాను." ఇంతే. దీనికి పెద్ద చదువు అక్కర్లేదు.

ఆదివారం పాస్టరు అయ్యగారు సాక్ష్యాలకి పిలవగానే లేచి నిలబడ్డాను. మూడో వరసలో సిరి తలెత్తింది. "ప్రభువుకు స్తోత్రం" అన్నాను. పాస్టరమ్మ గారు ముందు వరస నుంచి తిరిగి, రాబోయే మాట తియ్యగా ఉంటుందన్న నమ్మకంతో నవ్వారు. ఆ తొమ్మిది మందీ నవ్వారు. రేపు వీళ్లందరికీ నేను కొలతలు తీసుకోవాలి. వాక్యం గొంతులోకి వచ్చింది. నోట్లోంచి వచ్చింది మాత్రం వేరే.

"నాలుగు నెలలుగా మోకాలు నొప్పి. మిషను తొక్కలేకపోయేదాన్ని. ప్రభువు ముట్టి బాగుచేశాడు."

ఆమెన్ అన్నారు అందరూ. కూర్చున్నాను. నా మోకాళ్లు ఈ జన్మలో నొప్పి ఎరగవు. ఏ తల్లి నిజం చెప్పడానికి లేచి మోకాలి గురించి చెప్పి కూర్చుంటుంది? నేను కూర్చున్నాను. సిరి వైపు చూసే మొహం లేక పాటల పుస్తకంలో దూరిపోయాను.

ఆరాధన అయ్యాక ఇద్దరం ఎండలో నడిచి వస్తున్నాం. బెల్లం బళ్లు నిలబడి ఉన్న రోడ్డు దాటాం.

"మోకాలు ఎప్పుడు నొప్పెట్టిందమ్మా?" అంది సిరి అప్పుడు.

నా ఒక్కగానొక్క కూతురి పక్కన నడవడానికి కూడా సిగ్గేసి రెండడుగులు వెనకబడ్డాను. ఇక ఇది నాతో ఈ జన్మలో మాట్లాడదు అనుకున్నాను. మాట్లాడకపోయినా తప్పు పట్టడానికి లేదు.

సిరి ఆగింది. నేను అందుకునేదాకా చూసింది.

"రెండోది చూడు" అంది.

"ఏటి?"

"హగారో రెండు. చాలామంది మధ్యలో వదిలేత్తారు, అందులో పైలట్ పిరికోడని. ఎక్కుతాడు, తలుపేసుకుంటాడు, శత్రువు ఎదురుపడగానే ఏదో సాకు చెప్పి వెనక్కి తిప్పేత్తాడు. ఇరవై ఎపిసోడ్లదాకా ఇదే వరస. వాణ్ణి తిట్టుకోకండి, వదిలేసి పోకండి అని పేజీలో రాసేను."

"ఆకర్నైనా నిలబడతాడా?" అన్నాను.

"నేను చెప్పను. వచ్చే ఆదివారందాకా టైముంది. చూసి నువ్వే చెప్పు" అంది సిరి.

అని నా చేతిలోని బైబిలు సంచీ అందుకుని ముందు నడిచింది.