ఎడమ చేతి అక్షరాలు

ఎడమ చేత్తో అఆలు రాయడం నేను నలభై రెండో ఏట నేర్చుకున్నాను. నా కుడిచెయ్యి నిక్షేపంగా ఉంది, దానికి ఏ రోగమూ రాలేదు. దొంగపని కోసం నేర్చుకున్నాను, అంతే.

నా పేరు స్టెల్లా. సత్యవేడుకు నాలుగు కిలోమీటర్ల దూరంలో ఉన్న మా ఊళ్లో పదిహేనేళ్లుగా అంగన్‌వాడీ టీచర్ని. పోయిన ఏడాది నుంచి మా ఊరికి ఒక కాన్వెంటు వాళ్ల పసుపు వ్యాను రావడం మొదలైంది. అది వీధి మలుపులో హారన్ కొట్టిన రోజు నుంచి తల్లులందరికీ ఒకటే ప్రశ్న. "మీ కాడ ఏమి నేర్పిస్తారు టీచరమ్మా? పొద్దస్తమానం ఆటలే గదా!" ఆటలే తల్లీ, మూడేళ్ల బిడ్డకు ఆట కాకుండా ఇంకేం పని, కలెక్టరాఫీసులో ఫైళ్లు చూడాలా అని నోటిదాకా వచ్చేది. అనలేకపోయాను. ఒక్కొక్కరే పిల్లల పేర్లు తీయించుకుని పోతుంటే నాకు భయం పట్టుకుంది. పద్దెనిమిది మంది కాస్తా పదకొండు మంది అయ్యారు.

అప్పుడు చేశాను ఆ పని. పదకొండు నోటుపుస్తకాలు తెచ్చి, సాయంత్రం పిల్లలు వెళ్లాక కూర్చుని, ఎడమ చేత్తో పెన్సిల్ పట్టుకుని అ, ఆ, ఇ, ఈ రాశాను. కుడిచేత్తో రాస్తే గుండ్రంగా వస్తాయి, పట్టుబడిపోతాను. ఎడమ చేత్తో అయితే అచ్చం నాలుగేళ్ల పిల్లలు రాసినట్టే వంకరటింకరగా వచ్చాయి. మధ్యమధ్య కావాలని ఒక తప్పు రాసి, మసి అయ్యేలా చెరిపి, మళ్లీ రాశాను. మా ఆయా పోలేరమ్మ గిన్నెలు కడుగుతూ ఇదంతా చూసింది.

"సిగ్గు లేదా స్టెల్లమ్మా నీకు?" అంది.

"సెంటరంటూ ఉంటే గదక్కా సిగ్గు పడేదానికి," అన్నాను.

తల్లులు పుస్తకాలు చూసి మురిసిపోయారు. వ్యాను మాట తగ్గింది. నాకు హాయిగా నిద్ర పట్టింది. అదీ చెప్పాలి, దాచడమెందుకు.

ఆ పదకొండు మందిలో భానుప్రియ సంగతి వేరు. దాని నాయన విజయ్ కుమార్ కంపెనీలో రెండో షిఫ్టు చేస్తాడు, మధ్యాహ్నం రెండున్నరకు బస్సెక్కుతాడు. తల్లి మోహన మామిడి తోటల్లో కూలికి పోతుంది. మూడున్నరేళ్లు వచ్చినా భాను ఒక్క మాట మాట్లాడలేదు. తిరుపతి తీసుకుపోయి చూపించారు. చెవులు బాగున్నాయి, గొంతు బాగుంది, తోటి పిల్లలతో ఆడుకోనివ్వండి, మాటలు అవే వస్తాయి అన్నాడు డాక్టరు. అందుకని నా దగ్గర వేశారు.

మూడు నెలలు అది గోడకు ఆనుకుని కూర్చుంది. నేను బలవంతపెట్టలేదు. మా పెరట్లో ఇసుక, కొబ్బరి చిప్పలు, చింతగింజలు, పాత రేకు డబ్బాలు ఉంటాయి. పిల్లలంతా అక్కడ బువ్వలాట ఆడుతుంటారు. ఒక రోజు భాను తనంతట తనే లేచి వెళ్లి ఒక చిప్ప తీసుకుంది. తడి ఇసుకతో ఇడ్లీలు పోసి అంగడి పెట్టింది. రెండు వారాలు నోరు విప్పకుండానే ఇడ్లీలు అమ్మింది, నేను రోజూ చింతగింజలిచ్చి కొనుక్కున్నాను. ఒక రోజు రిజిస్టరు రాస్తూ ఆలస్యమై, ఉత్తచేతులతో వెళ్లి ఇడ్లీలు అడిగితే, నా మొహంలోకి చూసి, "అయిపోయినాయి. రేపు రాపో," అంది.

పోలేరమ్మ చేతిలో చెంబు కింద పడింది. నేను ఏడ్చేశాను. ఏడుస్తూనే, "రేపన్నా నాకు రెండు ఎత్తిపెట్టమ్మే," అన్నాను.

"సూస్తాలే," అంది నా బంగారు తల్లి.

ఆ తర్వాత ఇసుకలో దాని నోటికి అడ్డే లేదు. ఇంట్లో మాత్రం అంతంతే. విజయ్ కుమార్‌కు బిడ్డంటే ప్రాణం, కానీ అది కనిపిస్తే చాలు, ఇదేమి, ఇది ఏ రంగు, ఇవి ఎన్ని అని అడగడమే అతనికి తెలిసిన ముద్దు. పరీక్ష అని తెలియగానే అది నోరు మూసుకునేది. అలాంటి బిడ్డ పుస్తకంలో కూడా నేను రాశాను. నేను చేసిన పాపం అదే.

విజయ్ కుమార్ ఆ పుస్తకం వీధంతా చూపించుకున్నాడు. శనివారం బిడ్డకు కొత్త గౌను వేసి నేరుగా కాన్వెంటుకు తీసుకుపోయాడు. అక్కడ పదిమంది తల్లిదండ్రుల ముందు పలక ఇచ్చి అ రాయమన్నారు. భాను బలపం కింద పెట్టేసింది. సెంటర్లో రాస్తావు గదా, అందరి ముందర నా పరువు తీస్తాండావా అని అరిచి, వీపు మీద రెండు దెబ్బలు వేశాడట. ఆ రోజు మూతపడిన నోరు మళ్లీ తెరుచుకోలేదు. ఇంట్లోనూ లేదు, నా ఇసుకలోనూ లేదు. భాను మళ్లీ గోడ దగ్గరికి వెళ్లి కూర్చుంది.

బుధవారం గుడ్లు, పాలు ఇచ్చే రోజు. తల్లులు వరసలో ఉన్నారు. విజయ్ కుమార్ వచ్చి పుస్తకం నా బల్ల మీద విసిరాడు.

"ఆడ రాయలేదు. ఇంట్లో రాయలేదు. నీ కాడ మాత్రం ఎట్ల రాసింది టీచరమ్మా? ఈడ ఆటలాడి ఆడి బిడ్డ మొద్దుబారిపోయినాది. సోమవారం నించి వ్యానెక్కిస్తాండా. ఇంక మాటల్లేవు."

అబద్ధం నోట్లో తయారుగా ఉంది. కొత్త చోటు గదా, బెదిరిపోయింది అంటే చాలు. కానీ గోడ దగ్గర భాను మోకాళ్లలో తల పెట్టుకుని ఉంది. ఆ చిన్న వీపు చూశాక నా మీద నాకే అసహ్యం వేసింది. పలక తీసి, ఎడమ చేత్తో అ రాసి, పుస్తకం పక్కన పెట్టాను.

"నేనే రాసినాను విజయా. భానుది ఒకటే కాదు, అందరివీ నేనే."

వరసలో గొల్లుమన్నారు. "అయ్యో, మావాడు రాసినాడని మా అత్తకు ఫోటో పంపించినానే!" అని ఒకామె నెత్తి కొట్టుకుంది.

విజయ్ కుమార్ మొహం జేవురించింది. "ఆఫీసులో చెప్తా. నీ ఉద్యోగం ఉండదు."

"నువ్వు చెప్పేదేంది, నేనే చెప్తా," అని అందరి ముందే సూపర్‌వైజర్ మేడమ్‌కు ఫోన్ చేసి ఉన్నదంతా చెప్పాను. ఆమె తిట్టిన తిట్లు అందరూ విన్నారు. మెమో వస్తుంది, రానీ.

ఫోన్ పెట్టేసి అతని వైపు తిరిగాను. "సూడప్పా, తడి ఇసుక పిసికితేనే వేళ్లకు బలం వస్తాది, పెన్సిలు అప్పుడు నిలుస్తాది. అంగడాటలో బేరమాడితేనే మాట వస్తాది. ఇదంతా తెలిసుండీ మీ వ్యానుకు భయపడి దొంగపని చేసినాను. తప్పు నాది, దెబ్బలు బిడ్డకు పడినాయి. సోమవారం లోపల సెంటరు తెరిచేది ఇంకా మూడు దినాలు. షిఫ్టుకు పోయే ముందర గంటసేపు ఈ ఇసుకలో కూర్చో. ఒకటే షరతు, బిడ్డను ఏమీ అడగబాకు. శనివారానికి అది నోరు తెరవకుంటే నేనే సంకనెత్తుకుని వ్యానెక్కిస్తా."

"నాకేం పని లేదా?" అన్నాడు.

వరస చివర్లోంచి మోహన ముందుకొచ్చింది. "పో, కూర్చో. నాలుగు దినాలుగా బిడ్డ నన్ను అమ్మా అనలేదు. వ్యానెక్కితే అంటాదా?" అంది.

గురువారం వచ్చాడు. కుర్చీలో కర్రలా కూర్చుని ఫోన్ చూసుకుంటుంటే, ఫోనూ కుర్చీ రెండూ లాక్కున్నాను. కాసేపటికి, "భానూ, ఇది ఏమి రంగు," అని మొదలుపెట్టాడు.

"అడగబాకన్నానా!" అని అరిచాను. పిల్లలంతా పడీపడీ నవ్వారు. భాను గోడ దగ్గర్నుంచి కదల్లేదు.

శుక్రవారం పిల్లలు అతన్ని బస్సును చేసి నలుగురు ఎక్కారు. మోకాళ్ల మీద పెరడంతా తిరిగి చెమటలు కక్కాడు. భాను గోడ వదిలి గడప దాకా వచ్చి చూసింది. మాట మాత్రం లేదు.

శనివారం ఒంటిగంటన్నర దాటింది. విజయ్ కుమార్ ఇసుకలో చతికిలపడి చిప్పలో ఇసుక నింపుతున్నాడు, దులుపుతున్నాడు. ఒక్క మాట అనమ్మా అని బతిమాలబోయాను. పోలేరమ్మ నా చెయ్యి గట్టిగా గిల్లింది. "నువ్వు గూడా అడగబాక స్టెల్లమ్మా," అంది. నోరు మూసుకున్నాను.

భాను లేచి లోపలికి వెళ్లింది. పలక, బలపం పట్టుకొచ్చి తండ్రి ముందు పెట్టింది. ఎక్కడి నుంచో ఒక పుల్ల తీసుకుని, నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది.

"రాయి," అంది.

వారం రోజుల తర్వాత మొదటి మాట! విజయ్ కుమార్ ఉలిక్కిపడి నా వైపు చూశాడు. ఏమీ అడగొద్దని తల అడ్డంగా ఊపాను. బలపం తీసుకున్నాడు. ఏం రాయాలో తెలియక చేత్తో పట్టుకుని కూర్చున్నాడు.

"రాయవా? సెంటర్లో రాస్తావు గదా! అందరి ముందర నా పరువు తీస్తాండావా?"

అచ్చం అతని గొంతే, అతని కోపమే. అతని మొహంలో నెత్తురు చుక్క లేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి. బలపం ఇసుకలో పడిపోయింది.

"రాదు టీచర్," అన్నాడు.

భాను పుల్ల పైకెత్తింది. అతను వీపు వంచాడు. అది కాసేపు అతన్నే చూసి, పుల్ల కింద పడేసి, పక్కన కూలబడింది. ఎవరైనా వింటారేమోనని అటూ ఇటూ చూసుకుని, అతని చెవి దగ్గర నోరు పెట్టింది. ఆ రహస్యం మా అందరికీ వినిపించింది.

"ఏడ్సబాకు. మీ నాయనకి చెప్పనులే."

విజయ్ కుమార్ బిడ్డను దగ్గరికి లాక్కోలేదు. ఆట చెడిపోతుందని భయపడ్డాడేమో, మోచేత్తో మొహం తుడుచుకుని, "సరే టీచర్," అన్నాడు. బస్సు టైమైందని నేను గుర్తుచేస్తే చెయ్యి ఊపాడు, లేవలేదు. చాలాసేపటి తర్వాత నా వైపు చూడకుండానే, "సోమవారం వ్యాను వద్దని చెప్పేస్తా అక్కా," అన్నాడు.