గౌను లోపలి మడత

మా తమ్ముడితో పేచీ పడకుండా ఈ బజారులో ఎవరూ బట్టలు కుట్టించుకోలేదు. అందుకే వాడికి పేచీ మాస్టారని పేరు. "కాలరు అలా వద్దండీ, ఇలా పెట్టండి" అని ఎవరైనా నోరు జారితే, "మెడ మీ సొంతమే, కాదన్నానా? కత్తెర మాత్రం నాది" అని మొదలుపెట్టేవాడు. ఇక నాతో సంగతి చెప్పక్కర్లేదు. వాడు కత్తిరిస్తాడు, ఎదురుగా మిషను మీద నేను కుడతాను. మధ్యలో ఉన్న బల్ల మీద గుడ్డల కన్నా మా వాదాలే ఎక్కువ పరుచుకుని ఉండేవి.

అలాంటివాడు ఎండాకాలం మొదట్లో ఒకరోజు "సరే అక్కా, నీ ఇష్టం" అన్నాడు. గుండీల రంగు గురించో, దేని గురించో. తలెత్తి చూశాను. సుద్దముక్కతో గీతలు గీసుకుంటున్నాడు.

ఆ తర్వాత అన్నిటికీ అదే మాట. కాలరు మార్చమంటే సరే. నిన్న ఇచ్చిన కొలత ఇవాళ కాదంటే సరే. బజారంతా మెచ్చుకుంది. పక్కనున్న చెప్పుల కొట్టాయన "మొత్తానికి మీ వాడికి బుద్ధొచ్చిందమ్మా" అన్నాడు. కందకు లేని దురద కత్తిపీటకెందుకని ఊరుకున్నాను. మా మరదలైతే మరీను.

"నా దిష్టే తగిలేలా ఉంది వదినా. ఈమధ్య ఆయన ఒక్క మాట తూలడం లేదు. పెట్టింది తింటున్నారు."

"తింటున్నాడా, కెలుకుతున్నాడా?"

"కెలుకుతున్నారనుకో" అని ఒప్పుకుంది. ఇంకా చీకటుండగానే లేచి మంచం అంచున కూర్చుంటున్నాడని కూడా చెప్పింది, అదేదో మంచి అలవాటన్నట్టు.

మా నాన్న కూడా ఇలాగే మంచివాడైపోయాడు. ఆయనా మాస్టరే. ఇదే బల్ల, ఇదే కత్తెర. ఇల్లు పీకి పందిరేసే మనిషి, ఒక ఏడాది ఉన్నట్టుండి నెమ్మదించాడు. "ఇన్నాళ్ళకి నా ఇల్లు చల్లబడింది" అంది అమ్మ. ఆ చల్లదనంలో మేమందరం హాయిగా ఉన్నాం. ఒక ఉదయం ఆయన తన ప్రాణం తనే తీసుకున్నాడు. మనిషికి కోపం రావడం మానేస్తే సంబరపడే ఇల్లు మాది. ఆ తెలివి తగలెయ్య.

అందుకని వాణ్ణి రెచ్చగొట్టడం మొదలుపెట్టాను. గుడ్డ కోసే కత్తెరతో కాగితం కోశాను. పదును పోతుందని, మామూలుగా అయితే ఆ పనికి కొట్టు దద్దరిల్లేది. వాడు కత్తెర తీసుకుని, తుడిచి, పక్కన పెట్టాడు. డాక్టరు దగ్గరికి వెళ్దామంటే మాత్రం సరే అనలేదు. "నాకేమైందక్కా, కాస్త అలసట" అన్నాడు.

బడులు తెరిచే ముందు తన కూతురు చిట్టికి యూనిఫాం గౌను కత్తిరించి నా ముందు పెట్టాడు. కింద అంచు మడవబోతే, కుట్టు పడేంత తప్ప గుడ్డ లేదు. మా కొట్లో పిల్లల బట్టలకి ఎప్పుడూ నాలుగు వేళ్ళ గుడ్డ లోపలికి మడిచి వదులుతాం. పిల్ల పొడుగైతే విప్పి దించుకోవచ్చు. పరాయి పిల్లలకి కూడా వాడెప్పుడూ మరిచిపోలేదు. నడుము దగ్గర చూశాను, చంకల దగ్గర చూశాను. ఎక్కడా లేదు. ఇవాళ్టికి సరిగ్గా సరిపోయే గౌను అది.

తీసుకెళ్ళి వాడి ముందు పరిచాను.

"ఒరేయ్, పిల్ల పెరగదా?"

"కొలత సరిగ్గానే ఉందిగా."

"కొలత సంగతి కాదు. వచ్చే ఏడాది ఏం చేస్తుంది?"

వాడు అంచుని వేలితో తడిమాడు. తడుముతూనే ఉన్నాడు.

"నా చొక్కాకీ లేదక్కా" అన్నాడు చివరికి. "నాన్న ఆఖర్న కుట్టాడే, బడి చొక్కా. చేతులు పొట్టివయ్యాయని అమ్మ విప్పితే లోపల ఏమీ లేదు. అమ్మ తిట్టింది. నాన్న సరే అన్నాడు."

గౌను మడిచి పక్కన పెట్టాను.

"కావాలని చెయ్యలేదక్కా. వచ్చే ఏడాది అనేది నాకు కనిపించలేదు, అంతే."

"పద" అన్నాను.

"సరే" అన్నాడు. ఆ ఒక్క సరేకి మాత్రం దణ్ణం పెట్టుకున్నాను.

డాక్టరమ్మ నిద్ర గురించి అడిగింది, తిండి గురించి అడిగింది. చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడిగింది. లేనిపోనిది గుర్తు చేస్తున్నారేమిటి అన్నాను. "అడిగితే ఆ ఆలోచన పుట్టదమ్మా, బరువు దిగుతుంది" అంది. వాడు, "అనిపిస్తోంది" అన్నాడు, కొలత చెప్పినంత మామూలుగా. నాన్న సంగతి నేను చెప్పాను.

"తండ్రికి ఈ దిగులు జబ్బు ఉంటే పిల్లలకి వచ్చే అవకాశం కొంత ఎక్కువ. వచ్చి తీరుతుందని కాదు" అంది ఆవిడ. "మందు పనిచెయ్యడానికి కొన్ని వారాలు పడుతుంది. బాగుందని మధ్యలో మానకూడదు. ఒంటరిగా వదలకండి. అలాగని పని పూర్తిగా మాన్పించకండి. మీరు గమనించడం మంచిదైంది."

నాన్న విషయంలో ఎవరూ గమనించలేదు. ఇంటికి వచ్చేదాకా అదే తలుచుకున్నాను.

వానలు వెలిశాయి. మందులు వేసుకుంటున్నాడు. వాడి మౌనానికి మరదలు ఇప్పుడు మురిసిపోవడం లేదు, పక్కన కూర్చుంటోంది. కాస్త నిద్ర పడుతోంది. పేచీ మాత్రం తిరిగి రాలేదు. రోజూ వాడి కత్తెరతో కాగితం కోస్తూనే ఉన్నాను.

మొన్న చిట్టికి ఇంకో గౌను కత్తిరించి పెట్టాడు. అంచు తిప్పి చూశాను. ఈసారి జానెడు గుడ్డ వదిలాడు. అంత మడిస్తే ఆ బరువుకి పిల్ల నడవలేదు.

"ఇంతెందుకురా?" అన్నాను సంబరంగా.

వాడు తలెత్తలేదు. "ఉండనీ అక్కా. నేను లేకపోయినా మీరు విప్పుకోవచ్చు."

మిషను ఆపేశాను. బల్ల చుట్టూ తిరిగి వెళ్ళి, వాడి కత్తెర లాక్కుని, నాలుగు వేళ్ళు ఉంచి మిగతాది కోసేశాను. కళ్ళు మసకబారి గీత కనిపించలేదు.

"చాలకపోతే కొత్తది కుట్టు. నువ్వే కుట్టాలి. నేను కుట్టను, మీ ఆవిడ కుట్టదు. విన్నావా?"

వాడు కింద పడ్డ ముక్క తీసుకుని అంచు తిప్పి చూశాడు.

"వంకరగా కోశావక్కా" అన్నాడు.

ఎంత మెల్లగా అన్నాడంటే, దాన్ని పేచీ అనడానికి కూడా లేదు. నేను మాత్రం ఆ బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చాను.