కొళాయి కాడ చెప్పిన మాటలు

"మేయ్, ఈ పాపకు టీ పెట్టు" అని గిరి ముందుగదిలోంచి కేకేసేటప్పటికి భువనేశ్వరి గ్రైండర్లోంచి దోసెపిండి తోడుతోంది. బంగారుపాళ్యంలో పేపరు విలేకరి అంటే గిరే. ఐడీ కార్డు ఆయనది, వార్త కింద పేరు ఆయనది. రాసేది మాత్రం ఆమె. "నా చేతిరాత బాగలేదు, రాసిపెట్టు" అన్నాడు పెళ్లయిన కొత్తలో. ఫోన్లో టైపు చేసి పంపే కాలమొచ్చినా ఆ సాకు అట్లాగే ఉండిపోయింది. మొదట్లో మురిసిపోయింది కూడా, పిచ్చిది.

వచ్చిన పిల్ల కోమలి, నగరిలో మగ్గాల ఇంటి అమ్మాయి. తిరుపతిలో జర్నలిజం చదువుతోంది. చదువయ్యాక ఏ పనిలో చేరాలో అడుగుదామని బస్సెక్కి వచ్చింది.

"ఆడపిల్లకు ఫీల్డు కుదరదమ్మా, డెస్కులో సేరు" అంటున్నాడు గిరి. "మా ఇంటామెను సూడు, ఎంత నిమ్మళంగా ఉండాదో."

నిమ్మళమట! భువనేశ్వరికి ఒళ్లు మండింది.

"మామిడి గుజ్జు ఫ్యాక్టరీ ఆడోళ్ల మీద మీరు రాసింది సదివే నేను ఈ కోర్సులో సేరినా సార్. సొనకు వేళ్ల తోలు ఊడిందని, ఒంటేలుక్కూడా పోనియ్యరని... మొగోళ్లకు సెప్పే మాటలా అవి? మీకెట్ల సెప్పినారు?"

"నమ్మకం సంపాయించుకోవాలమ్మా."

"యాడ మాట్లాడినారు సార్? బయటోళ్లను లోపలికి రానీరంట గదా?"

గిరి ఫోను చేతిలోకి తీసుకున్నాడు. ఆయన ఆ గేటు దాకా కూడా పోలేదు. భువనేశ్వరే ఆ ఫ్యాక్టరీలో పన్నెండు రోజులు కూలికి పోయి మామిడికాయలు తరిగింది. పుళ్లు పడ్డ వేళ్లతో అన్నం పెడితే, "ఆ చేత్తో వడ్డిస్తే ముద్ద ఎట్ల దిగతాది?" అన్నాడు. మరుసటి వారం తన పేరుతో వార్త చూసుకుని ఊరంతా తిరిగాడు.

ఇప్పుడు తను నోరు మూసుకుంటే ఈ పిల్ల ఇట్లాంటివి రాయడం మగవాళ్ల పని అనుకుని తిరుపతి పోతుంది. అది తలచుకుంటే భువనేశ్వరికి భయమేసింది. చేతులు తుడుచుకుని ముందుగదిలోకి వచ్చింది.

"కొళాయి కాడ పాపా. పని దిగినాక వాళ్లతో పాటు నేనూ సేతులు కడుక్కుంటా ఉంటి. అప్పుడు సెప్పినారు."

కోమలి ఆమె వంక, గిరి వంక మార్చి మార్చి చూసింది.

"టీ ఏమాయె?" అన్నాడు గిరి, తలెత్తకుండా.

భువనేశ్వరి కుర్చీ లాక్కుని కూర్చుంది.

"నువ్వు ఫీల్డుకే రా. నువ్వు రాసినదాని కింద ఇంకొకరి పేరు మాత్రం ఒక్క దినం కూడా వెయ్యనియ్యొద్దు. నేనూ ఒక్క దినమే గదా అనుకున్నా. ఎనిమిదేండ్లాయె."