నల్లగుడ్డ కింద పాలకూర

పాలకూర నుంచి కరెంటు తీస్తానంటే నవ్వని వాళ్ళు ఆ పేటలో ఇద్దరే ఇద్దరు. ఒకరు అబిగయీలు, రెండోవాడు ఆమెను కన్న పాపానికి క్రీస్తురాజు.

ఆకు ఎండను పట్టుకుని తన తిండి తాను వండుకుంటుంది. ఆ పట్టుకునే ప్రొటీనును ఆకులోంచి వేరుచేసి గాజుపలక మీద పూస్తే, వెలుగు తగలగానే పలకలో కరెంటు పుడుతుంది. నెల్లూరు కాలేజీ ల్యాబులో నాలుగేళ్ళుగా అబిగయీలు చేస్తున్నది ఇదే. చిక్కల్లా ఒక్కటే. ఆకులో ఉన్నంతకాలం ఆ ప్రొటీను దెబ్బతింటే మొక్కే బాగుచేసుకుంటుంది. పలక మీద దానికి దిక్కెవరూ లేరు. ఎండలో పెడితే ఇరవై అయిదు నిమిషాలు, అంతే. అందుకే ఐసుపెట్టెలో, నల్లగుడ్డ కప్పి ఉంచాలి.

ఆ శుక్రవారం, ఈ పనికి డబ్బిచ్చే కమిటీ తరఫున పద్మనాభయ్యగారు చూడ్డానికి వస్తున్నారు. క్రీస్తురాజు కాపలా కాసే రొయ్యల గుంట గట్టు మీద, నీళ్ళలో ఆక్సిజన్ ఎంతుందో చెప్పే చిన్న మీటరును ఆ పలక ఇరవై నిమిషాలు నడిపితే పని ఇంకో రెండేళ్ళు సాగుతుంది. నడపకపోతే ల్యాబుకు తాళం, అబిగయీలు ఇంటికి. ఉన్నదేమో ఒక్క పలక. ఇంకోటి చెయ్యాలంటే మూడు వారాలు.

క్రీస్తురాజు పాస్టరుగారిని పిలుస్తానన్నాడు. కొత్త పడవైనా, ఆటో అయినా, బోరు మోటారైనా ప్రార్థన కానిదే ఆ పేటలో ఎవరూ ముట్టుకోరు.

"పిలువు నాయనా, వద్దనలా. గుడ్డ తియ్యకముందే ప్రార్థన కానీమను. అదొక్కటి మరవబాకు" అంది అబిగయీలు.

"చెప్తాలేమ్మా."

చెప్పలేదు.

పాస్టరుగారు వచ్చీ రాగానే, శిలాఫలకం మీద తెర లాగినట్టు, గట్టు మీద సిద్ధంగా పెట్టిన పలక మీది నల్లగుడ్డ లాగేసి చెయ్యెత్తారు. అందరూ తలలు వంచారు. పదకొండున్నర ఎండ. ప్రార్థన సృష్టి మొదటిరోజు వెలుగు దగ్గర మొదలైంది. అక్కణ్ణుంచి నోవహు ఓడకు, ఓడ నుంచి రొయ్యల తెల్లమచ్చ రోగానికి, చివరకు పద్మనాభయ్యగారి మోకాళ్ళ నొప్పులకు వచ్చింది.

అబిగయీలు కళ్ళు తెరిచింది. పలకకు తగిలించిన, కరెంటు ఎంతుందో చూపే ముల్లు మెల్లగా కిందికి దిగుతోంది. మూడడుగులు వేసి గుడ్డ కప్పితే చాలు. "అయ్యగారూ, ఒక్క నిమిషం" అంటే చాలు. చిన్నప్పుడు ప్రార్థనలో కదిలినందుకు వీపు మీద పడ్డ దెబ్బలన్నీ ఆమె కాళ్ళను పట్టుకున్నాయి. అంత చదువు చదివిన మనిషి, సిగ్గులేకుండా మళ్ళీ కళ్ళు మూసుకుంది.

ఆమేన్ అనేసరికి ఇరవై నిమిషాలైంది. మీటరు అయిదు నిమిషాలు నడిచి ఆరిపోయింది.

అబిగయీలు గబగబా జరిగింది చెప్పింది. పద్మనాభయ్యగారు మంచిమనిషే. అంతా విన్నారు. "నువ్వు చెప్పేది నిజమేనమ్మా. అయినా ప్రార్థన ఆలస్యమయిందని కాగితం మీద ఎట్టా రాసేది?" అని అయిదు నిమిషాలని రాసుకుని కారెక్కారు. పాస్టరుగారు బిర్యానీ పొట్లం అందుకుని దీవించి వెళ్ళారు.

గట్టు మీద తండ్రీకూతుళ్ళు మిగిలారు.

"ఒక్క మాట చెప్పలేకపోయినావే నాయనా! నాలుగేళ్ళు గంగలో కలిపినావు."

"దైవజనుడికి ముందు ఇది చెయ్, తర్వాత అది చెయ్ అని ఎట్ట చెప్పేదమ్మా? నోరు రాలా." క్రీస్తురాజు నల్లగుడ్డ తీసి దులిపి మడతపెట్టాడు. "ప్రార్థనలో నువ్వు కళ్ళు తెరిచినావు. నేను చూసినా. ఇప్పుడు లేచి ఆపుతుందిలే, నా బిడ్డకు నా పిరికితనం రాలేదులే అనుకున్నా."

అబిగయీలు ఆరిపోయిన మీటరు తీగలు విప్పసాగింది.

"మళ్ళీ మూసుకున్నావు" అని, గుడ్డను ఆమె చేతిలో పెట్టాడు.