బుట్ట మీది గుడ్డ

డెబ్బై నాలుగు వేసవిలో శౌరమ్మ చలిజ్వరంతో మంచాన పడింది. కాలవ కట్టేశారు. ఉయ్యూరు ఫ్యాక్టరీలో చెరకు ఆడటం అయిపోయింది. పేటలో మగవాళ్ళకి పని లేదు, ఆడవాళ్ళకి అంతకన్నా లేదు. అటువంటి రోజుల్లోనే గుప్పెడు బియ్యం బుట్టతో పని ఎక్కువ. ఆ బుట్ట తిప్పేది శౌరమ్మ.

ఆమె పేటకు పెద్ద. ఎవరో కట్టబెట్టిన పెద్దరికం కాదు. మొగుడు వయసులోనే పోతే కొడుకు అంతోనిని, చనిపోయిన చెల్లెలి కూతుళ్ళని కూలి చేసి పెంచింది. పేటలో సగం మంది ఆమె చేతుల్లోకే పుట్టారు. పోయినవాళ్ళకు నీళ్ళు పోసిందీ ఆ చేతులే. మాట తక్కువ. సాయంత్రం అరుగు మీద కూర్చుని ఏ ఇంటి కప్పు మీద పొగ లేచిందో, ఏ ఇంటి మీద లేవలేదో చూసుకునేది.

ఆదివారం చర్చి గుడిలో జపం అయ్యాక బుట్ట ఇంటింటికీ వెళ్తుంది. గడపకు ఒక గుప్పెడు. పోగైన బియ్యం ఆ వారం ఇబ్బందిలో ఉన్న ఇంటికి. పుచ్చుకునే ఇల్లు కూడా గుప్పెడు వేయాలి, అది కట్టుబాటు. బుట్ట మీద పాత చీరముక్క ఒకటి కప్పి ఉంటుంది. మూసిన పిడికిలి దాని కిందకు పోనిచ్చి, అక్కడ విప్పి, చెయ్యి తీసుకోవాలి.

ఆ వారం బియ్యం మరియదాసు ఇంటికని శౌరమ్మ అనుకుంది. చెరకు నరుకుతుంటే కత్తి జారి అతని కాలి మీద పడింది. పుండు మానలేదు. భార్య అమలమ్మకు కూలి దొరకడం లేదు. రెండు పూటల నుంచి వాళ్ళ కప్పు మీద సరైన పొగ లేదు.

"నేను లేవలేనే. ఈసారికి నువ్వు తిప్పు" అంది శౌరమ్మ కోడలితో.

కోడలు మార్త విజయవాడ భవానీపురం పిల్ల. కాపరానికి వచ్చి ఏడాది కాలేదు. శుభ్రం ఎక్కువ. బుట్ట దించి చూస్తే గుడ్డ మసిపట్టి ఉంది. నలుగురూ చేతులు పెట్టే గుడ్డ ఇలాగా ఉండేది అనుకుని, సబ్బు పెట్టి ఉతికి దడి మీద ఆరేసింది. అది ఆరేలోపు ఎండ ముదురుతుందని ఉత్త బుట్ట చంకనెత్తుకుని బయలుదేరింది.

గేదెలున్న సంపూర్ణమ్మ బుట్టలోకి తొంగి చూసింది. "ఇదేంటే, ఇవాళ బుట్ట ముసుగు తీసింది? అయితే ఉండు." లోపలికెళ్ళి దోసెడు తెచ్చి పోసింది. "చూశావుగా? మీ అత్తకి చెప్పు, సంపూర్ణమ్మది దోసెడని." ఎదురింటి ఆమోసు అది విని పెళ్ళాం చేత దోసెడున్నర వేయించాడు. ఆ వరసలో అందరి చేతులూ పెద్దవయ్యాయి.

మార్త సంబరంగా ఇంటికొచ్చి బుట్ట మంచం పక్కన పెట్టింది. "అత్తా, ఎప్పుడన్నా ఇన్ని వచ్చాయా?"

శౌరమ్మ బియ్యం వంక చూసింది. "గుడ్డేదే?"

"ఉతికి ఆరేశా. ఎంత మురికనుకున్నావు!"

శౌరమ్మ బుట్టని దగ్గరకు లాక్కుంది. తర్వాత అడిగింది. "అమలమ్మ వేసిందా?"

"గుమ్మంలోకొచ్చింది. గుప్పెట మూసే ఉంది. బుట్టలోకి చూసి లోపలికెళ్ళి తలుపేసుకుంది. పొయ్యి మీద ఏమన్నా మాడుతుందేమో అనుకున్నా."

"మాడేదానికి పొయ్యి మీద ఏముంది? పో, ఇవి తీసుకెళ్ళి ఇచ్చిరా."

వెళ్ళినంత త్వరగానే వెనక్కి వచ్చింది మార్త. బుట్ట నిండుగానే ఉంది. కళ్ళు తుడుచుకుంటోంది.

"వద్దందత్తా. వెయ్యని ఇల్లు తీసుకుంటే అడుక్కోవడమేనంట. పిల్లలు ఉత్త తోటకూర ఉడికించుకుని తింటున్నారు. నా వంక చూడనైనా చూడలేదు. నాకేం తెలుసు, గుడ్డ ఎందుకో ఎవరూ చెప్పలేదుగా."

"చెప్పలేదు" అని ఒప్పుకుంది శౌరమ్మ. "ఆ గుడ్డ కిందకి ఖాళీ గుప్పెట్లు చాలా వచ్చాయే. మీ మామ పోయిన ఏడు నాదీ అంతే. అప్పుడు మా అత్త తిప్పేది. గుప్పెట విప్పి చెయ్యి తీసుకుంటే, సరిపోయిందమ్మాయ్ అనేది." మంచం పట్టె పట్టుకుని లేచింది. "గుడ్డ తే."

"ఇంకా తడారలేదత్తా. నీ ఒళ్ళు పెనంలా కాలుతోంది."

"తే అన్నానా."

తడిగుడ్డ కప్పిన బుట్ట మార్త చేతికిచ్చి, ఆమె భుజం పట్టుకుని నడిచింది శౌరమ్మ. అమలమ్మ ఇంటి ముందు ఆగింది.

"అమలా! మా పిల్ల నీ ఇల్లు దాటేసిందంట. వెయ్యి."

అమలమ్మ తలుపు తీసింది. గుడ్డ వంక చూసింది. పిడికిలి బిగించి దాని కిందకు పోనిచ్చి, చెయ్యి తీసుకుంది.

"సరిపోయింది" అంది శౌరమ్మ. "ఇక బుట్ట ఎత్తుకుని నాతో రా."

"నేనా పెద్దమ్మా? నలుగురూ ఏమనుకుంటారు?"

"జ్వరం నాకా, నీకా? ఈ పిల్లకి నన్ను పట్టుకోవడమే సరిపోతోంది."

జ్వరంతో ఉన్న ముసలిదాన్ని కాదనలేక అమలమ్మ బుట్ట ఎత్తుకుంది. ముగ్గురూ మొదటి ఇంటి నుంచి మళ్ళీ మొదలుపెట్టారు.

"ఇదెక్కడి చోద్యం అక్కా? పొద్దున దోసెడు పోశాగా!" అని సంపూర్ణమ్మ దెబ్బలాటకొచ్చింది.

"పొద్దున ముసుగు లేదు. అది లెక్కలోకి రాదు. ఇప్పుడు వెయ్యి. లేకపోతే ఊరికే చెయ్యి పెట్టి తియ్యి, నిన్నెవరు చూడొచ్చారు?"

సంపూర్ణమ్మ గొణుక్కుంటూ లోపలికెళ్ళి, గుప్పెట మూసుకుని వచ్చింది. అందులో ఏముందో ఆమెకే తెలియాలి. ఆమోసు పెళ్ళాం నవ్వుకుంటూ చెయ్యి పెట్టింది. ఆ మధ్యాహ్నం పేటలో ఎన్ని నిండు గుప్పెట్లో, ఎన్ని ఉత్త గుప్పెట్లో ఎవరూ చెప్పలేరు. మొదట తల దించుకుని నడిచిన అమలమ్మ, వీధి చివరికి వచ్చేసరికి, "త్వరగా రావే, పెద్దమ్మ నిలబడలేకపోతోంది" అని ఇళ్ళల్లోకి కేకలేస్తోంది.

అన్నిటికన్నా ఆఖరున మార్త తన ఇంట్లోకెళ్ళి గుప్పెడు తెచ్చి వేసింది. గుడ్డ తడికి నాలుగు గింజలు చేతికి అంటుకున్నాయి. విదిలించి లోపలే వేసింది.

"బుట్ట నీ దగ్గరే ఉంచు" అంది శౌరమ్మ అమలమ్మతో. "బియ్యం ఏం చెయ్యాలో నేను చెప్పాలా? వచ్చే ఆదివారం కూడా నువ్వే తిప్పు. నాకు ఓపిక లేదు."

అమలమ్మ బుట్టని చంకలో సర్దుకుంది. ఈసారి వద్దనలేదు.

సాయంత్రానికి శౌరమ్మకు మళ్ళీ చలి పుట్టుకొచ్చింది. మార్త ఉన్న దుప్పట్లన్నీ కప్పింది.

"బయటికెళ్ళి చూడవే, పొగ వస్తోందా?"

మార్త అరుగు మీదికెళ్ళి వచ్చింది. "వస్తోందత్తా. బాగా వస్తోంది."

శౌరమ్మ కళ్ళు మూసుకుంది. నిద్రపోయిందనుకుని మార్త దీపం తగ్గించబోయింది.

"పాపం పిల్లలు" అంది దుప్పట్ల లోపల నుంచి. "అన్నం సబ్బు వాసనొస్తుందే."

"రెండు నీళ్ళు ఎక్కువ పోసి కడగమని చెప్పి వచ్చాలే అత్తా" అంది మార్త.