ముగ్గురం, ఒక లేత్ మిషను

మా వర్క్‌షాపులో లేత్ మిషను వెనక గదిలో, వెలుతురు చొరని మూల ఉండేది. దాని మీద మా వదిన పనిచేస్తుంది. నేను ముందు గదిలో వెల్డింగు చేస్తాను. పట్టపగలు కళ్ళు చికిలించుకుంటూ ఇనుము తరిగే వదినను చూస్తే అమ్మకు ప్రాణం ఉసూరుమనేది. కిటికీ దగ్గరికి జరిపిద్దామని మనుషుల్ని పిలిస్తే, వాళ్ళు దాన్నోసారి తోసి చూసి నడుములు పట్టుకున్నారు.

"ఏనుగును చంకనెత్తుకోమన్నట్టుందమ్మా," అని దండం పెట్టి వెళ్ళిపోయారు.

వదినకు పౌరుషం వచ్చింది. కారు ఇంజన్లు ఎత్తే క్రేను ఒకటి కొనేసింది.

అది ముక్కలు ముక్కలుగా పెట్టెలో వచ్చింది. రెండు కాళ్ళు, ఒక స్తంభం, పైన చాచిన చెయ్యి, దాన్ని లేపే జాకీ, చక్రాలు, దోసెళ్ళకొద్దీ బోల్టులు. అమ్మ వాటి మధ్య పీట వేసుకుని పెత్తనం మొదలుపెట్టింది.

"ముందు చక్రాలు బిగించండే. ఇల్లు కట్టేటప్పుడు కప్పు ముందేస్తారా?"

"నువ్వెప్పుడు కట్టావమ్మా ఇల్లు?"

"కట్టలేదు కాబట్టే ఇన్ని తెలివితేటలు మిగిలాయి!"

అన్నీ అమిరాయి గానీ, చేతిని స్తంభానికి కలిపే పిన్ను కనిపించలేదు. పెట్టె తిరగేశాం, అట్టలు దులిపాం.

"ఎలా ఉంటుందే అది?" అంది అమ్మ.

"బొటనవేలంత లావు, జానెడు పొడుగు, అత్తయ్యా."

అమ్మ మెల్లగా లేచి నిలబడింది. "ఇందాకట్నుంచీ పీటే గుచ్చుకుంటోందనుకున్నాను."

వదిన స్పానరు వదిలేసి నేల మీద చతికిలబడి నవ్వింది. ఆ నవ్వు నాకూ అంటుకుంది. పిన్ను దూర్చబోతే రెండుసార్లు పక్కకు పోయింది.

లేతును ఎత్తేముందు వేరే బరువుతో పరీక్షించాలంది వదిన.

"నేను లేనూ?" అంది అమ్మ, చీర కుచ్చిళ్ళు దోపుకుంటూ.

వద్దంటే వింటుందా! క్రేను చేతికి బెల్టు వేలాడదీసి, అందులో పలక వేసి కూర్చోబెట్టాం. వదిన జాకీ కొట్టింది. అమ్మ పాదాలు నేల వదిలాయి. ముందు "అమ్మో" అంది, తర్వాత కళ్ళు మూసుకుంది, ఆ తర్వాత కాళ్ళూపడం మొదలుపెట్టింది. దిగమంటే దిగదు.

"ఇంకాస్త పైకి! అటకమీద దుమ్ము చూశారటే?"

ఎలాగో బతిమాలి దింపి, లేతుకు బెల్టులు చుట్టాం. మొదటిసారి లేపితే మోటారున్న వైపు ఒరిగింది. దింపి, బెల్టును బరువున్న వైపుకు జరిపి మళ్ళీ కొట్టాం. ఈసారి లేతు నాలుగు కాళ్ళూ ఒక్కసారే లేచాయి. దాని కింద నుంచి అవతలి గోడ కనిపించేసరికి ముగ్గురం కెవ్వున అరిచాం.

"బెత్తెడు చాలు, ఎక్కువ లేపకు!" అంటూనే వదిన గంతేసింది.

మేం నెడుతుంటే అమ్మ చీపురుతో ముందు నడిచింది, రాజావారికి దారి తొలగిస్తున్నట్టు. గుమ్మం దాకా బాగానే ఉంది. అక్కడ ఏదో నట్టు చక్రానికి అడ్డుపడి క్రేను టక్కున ఆగింది. లేతు ఉయ్యాలలా ఊగింది. చటుక్కున దూరంగా జరిగాం. ఊగి, ఊగి, అలిసిపోయినట్టు నిలబడింది. అమ్మ చీపురు కొసతో నట్టును లాగేసి, "చీమంత దానికి ఎంత పొగరో!" అంది.

కిటికీ దగ్గర వదిన జాకీ మర వేలితో కొద్దికొద్దిగా వదిలింది. లేతు మెత్తగా దిగి నేల మీద కుదురుకుంది. బయట ఎప్పుడు పోగయ్యారో, వీధిలో జనం చప్పట్లు కొట్టారు. వదిన వాళ్ళకు నమస్కారం పెట్టబోయి, ఏడ్చేసి, వెంటనే నవ్వేసింది.

జనంలోంచి వడ్రంగి తోసుకుంటూ వచ్చాడు. "మా రంపం మిషను కూడా కాస్త జరిపి పెడతారా?"

వదిన నా మొహం చూసింది. నేను అమ్మ మొహం చూశాను. అమ్మ అప్పటికే చెప్పులు తొడుక్కుంటోంది.

వడ్రంగి కొట్టు వీధి చివర ఉంది, వీధేమో పల్లం. క్రేను తోసుకుంటూ నాలుగడుగులు వేశామో లేదో అది మమ్మల్ని ఈడ్చుకుంటూ గడగడా పరుగందుకుంది.

"ఆపండే!" అని అరుస్తూ అమ్మ అందరికన్నా ముందు పరిగెత్తింది.