విమానం దిగిన చేపపిల్లలు

2006 జులై 21, శుక్రవారం. ఆ పొద్దున కుర్మయ్య తిన్నది ముందురోజు రాత్రి తానే చేసుకున్న జొన్నరొట్టె, పచ్చిపులుసు. భార్య ముత్తమ్మ పోయిన మూడేళ్ళలో ఆయన చేతికి రొట్టె అంచు పగలకుండా రావడం అదే మొదటిసారి. ఇవాళ్టికి ఇది చాలు అనుకుని, చేయి కడుక్కుని, శామీర్‌పేట చేపల సంఘం గది తాళంచెవిని మొలతాడుకు కట్టుకున్నాడు. సంఘంలో డిగ్రీ చదివినవాడు ఆయనొక్కడే కాబట్టి పన్నెండేళ్ళుగా కార్యదర్శి ఆయనే.

పదిహేను రోజుల కిందట అల్వాల్‌లో చాయ్ తాగుతూ పేపర్లో ఒక చిన్న వార్త చదివాడు. చౌక టికెట్ల విమాన కంపెనీ ఒకటి కొత్త కొత్త ఊళ్ళకు విమానాలు వేస్తున్నదట. కలకత్తా నుంచి హైదరాబాదుకు నేరుగా వచ్చేది అందులో ఒకటి. పక్క బల్ల వాళ్ళు టికెట్ ధర చూసి ముక్కున వేలేసుకున్నారు. కుర్మయ్య చూసింది మాత్రం గంటలు. రెండు గంటల చిల్లర! అదే కలకత్తా చేపపిల్లలు రైల్లో వస్తే ఒక పగలూ ఒక రాత్రీ దాటేది. సికింద్రాబాదులో దించేసరికి సగం సంచులు కంపు కొట్టేవి. పోనీ లారీలో తెప్పిద్దామంటే లారీలన్నీ చేపల కంట్రాక్టరు చేతిలోవి. ఆయన తెచ్చే డ్రమ్ముల్లో బొచ్చె, రవ్వు లాంటి మంచి జాతి చేపపిల్లల కన్నా పనికిరాని పరకలే ఎక్కువ. అలా రెండేళ్ళుగా చెరువు నిండా నీళ్ళున్నా వలలో ఏమీ పడలేదు.

విసిగిపోయిన సంఘం ఒక తీర్మానం చేసింది. ఈ ఆదివారంలోగా మంచి చేపపిల్ల చెరువులో పడకపోతే అయిదేళ్ళపాటు చెరువు కంట్రాక్టరుది. సంఘం గది తాళంచెవి ఆయన మనిషి లింగస్వామిది. అందరూ సంతకాలు పెట్టారు. కుర్మయ్య పెట్టలేదు. కలకత్తాకు ఫోన్ చేసి, ఆ కొత్త విమానంలో చేపపిల్లలను పంపమన్నాడు.

బేగంపేట విమానాశ్రయంలో సరుకులు దించే గేటు దగ్గరికి కుర్మయ్యతో పాటు ఈదమ్మ కూడా వచ్చింది. యాభై ఏళ్ళుగా చేపలగంప మోసిన ముసలమ్మ. ఆ పిల్లలను తన కళ్ళతో చూస్తే తప్ప నమ్మనంది. పది అట్టపెట్టెలు వచ్చాయి. ఒకటి తలకిందులుగా ఉంటే, బాణం గుర్తు చూసి ఒక హమాలీ ఎవరూ చెప్పకుండానే దాన్ని సరిగా తిప్పి పెట్టాడు. ఆ మనిషి ముఖాన్ని కుర్మయ్య మనసులో దాచుకున్నాడు.

"డెబ్బై ఏండ్లొచ్చె. హకీంపేట ఇమానాలు నెత్తి మీద తిరుగుతుంటె సూసుడే గని ఎక్కుడు లేదు" అంది ఈదమ్మ. "గివి గోరంత లేవు, అప్పుడే ఎక్కి దిగినయి!"

"నువ్వు గూడ ఎక్కుతవా అవ్వా?"

"నన్ను గిట్లనే సంచిల కట్టి గాలి కొట్టి పంపుతరంటె ఎక్కుత బిడ్డా."

ట్రాలీ ఆటో మచ్చ బొల్లారం, తూంకుంట దాటి చెరువు కట్ట చేరేసరికి సంఘమంతా అక్కడే ఉంది. కుర్మయ్య మొదటి పెట్టె విప్పాడు. గాలి నింపి మూతి బిగించిన ప్లాస్టిక్ సంచిలో, నీళ్ళ అడుగున, చేపపిల్లలన్నీ నానిన బియ్యంలా పడి ఉన్నాయి. కదలిక లేదు. రెండో పెట్టె విప్పాడు. అదీ అంతే.

లింగస్వామి నవ్వాడు. తెల్లచొక్కా, తెల్లప్యాంటు, చేతిలో తీర్మానం కాగితం. కుర్మయ్యకు వరసకు బావమరిది.

"ఏంది బావా, ఇమానమెక్కిచ్చి పీనుగులను దెచ్చినవ్? డిగ్రీల గిదే నేర్పిండ్రా?"

సంఘం అధ్యక్షుడు మొగులయ్య తల దించుకున్నాడు. "జల్దీ గుమ్మరిచ్చి పోదాం పా కుర్మయ్యా. ఇజ్జత్ పోయింది సాలు."

కుర్మయ్య సంచి మీద చేయి పెట్టాడు. కొత్తకుండ నీళ్ళలా చల్లగా తగిలింది.

"సావలే. సలికి బిగుసుకున్నయి. పైన మస్తు సలి ఉంటది."

"నువ్వెప్పుడు బోయినవ్ పైకి?"

"పోలే. నువ్వు గూడ పోలే."

ఎవరో కిసుక్కుమన్నారు. అప్పుడు కుర్మయ్యకు ముత్తమ్మ మాట గుర్తొచ్చింది. చేపపిల్లలొచ్చిన ప్రతిసారీ మగవాళ్ళు సంచుల మూతులు విప్పి దబదబా కుమ్మరిస్తుంటే ఆమె అడ్డం పడేది: "ఇంటికొచ్చిన సుట్టానికి కాళ్ళు కడుక్కోనీకె జర యాళ ఇయ్యరా? సంచిని సంచి లెక్కనే నీళ్ళల ఉండనియ్యండి. ఆ నీళ్ళకు ఈ నీళ్ళు అలవాటు గానియ్యండి." అందరూ నవ్వేవాళ్ళు. నిజానికి కుర్మయ్యా నవ్వేవాడు.

పంచె ఎగగట్టి రెండు సంచులతో చెరువులోకి దిగాడు. అంచున వల కట్టి వేరు చేసిన చోట నడుము లోతున నిలబడి, సంచులను మూతి విప్పకుండానే నీళ్ళ మీద తేలనిచ్చాడు.

"ఒక్క ముడి గూడ ఇప్పను. ఎవ్వల్నీ ఇప్పనియ్య."

"ఎంతసేపు?" అన్నాడు మొగులయ్య.

"అవి లేసేదాంక."

లింగస్వామి ఒడ్డుకు వచ్చాడు. "తమాషా సాలు బావా. తాళంచెవి ఇయ్యి."

"ఇంక ఆదివారం గాలె. అంత జల్దీ ఉంటె, నా మొలతాడుకుంది. నీళ్ళలకొచ్చి తీస్కో."

లింగస్వామి తన తెల్లప్యాంటు వంక చూసుకున్నాడు. కదల్లేదు. ఈదమ్మ మాత్రం చీర దోపుకుని, మూడు సంచులు ఒడిలో పెట్టుకుని నీళ్ళలోకి దిగింది. "ముత్తమ్మ లేకపోతె ఏందిరా, నేను లేనా?" అంది. ఆమెను చూసి సిగ్గుపడి ఇద్దరు దిగారు. తర్వాత మొగులయ్యతో సహా నలుగురు. మిగతా సంచులు కూడా నీళ్ళ మీదికి చేరాయి.

అరగంట గడిచింది. గంటయింది. ఒడ్డున ఉన్నవాళ్ళలో కొందరు ఇళ్ళకు వెళ్ళిపోయారు. కుర్మయ్య కాళ్ళు తిమ్మిరెక్కాయి. తాను పొరబడ్డానేమోనన్న అనుమానం వచ్చింది. అయినా సంచుల మీంచి చేతులు తీయలేదు.

"కుర్మయ్యా" అంది ఈదమ్మ, గొంతు బాగా తగ్గించి. "గిటు సూడు."

ఆమె సంచిలో ఒక పిల్ల పక్కకు ఒరిగింది. తోక ఒక్కసారి ఆడింది. దాని పక్కది ఆడింది. కాసేపటికి సంచంతా మెరిసింది.

రెండు పెట్టెల్లోవి లేవలేదు. ఎనిమిదింటివి లేచాయి. కుర్మయ్య ముడి విప్పి, దోసెడు చెరువు నీళ్ళు సంచిలో పోశాడు. కాసేపాగి మరో దోసెడు. ఆ తర్వాత సంచిని వంచి వదిలేశాడు. పిల్లలు వాటంతట అవే బయటికి ఈదాయి.

మొగులయ్య తడిచేత్తోనే లింగస్వామి చేతిలోని కాగితం తీసుకుని రెండు ముక్కలు చేశాడు. "సంతకాలు మాయి, సింపుకునేది గూడ మేమే. ఇగ నువ్వు పో లింగస్వామీ. పిల్లలు ఇప్పుడిప్పుడే లేసి ఈదుతున్నయి, లొల్లి జేయకు."

చీకటి పడుతుండగా కుర్మయ్య ఖాళీ సంచులు కడిగి, సంఘం గదిలో దండెం మీద ఆరేశాడు. విమానం కంపెనీ చీటీ ఒకదానికి ఇంకా అంటుకునే ఉంది. వల దగ్గర కాపలా ఉంటానని వచ్చిన మొగులయ్య అప్పటికే గది ముందు అరుగు మీద గుర్రు పెడుతున్నాడు. ఆయన్ను లేపలేదు. మొలతాడు నుంచి తాళంచెవి విప్పి, చప్పుడు కాకుండా తలుపు దగ్గరికి లాగి, తాళం వేశాడు.